తక్‌పట్టీలో ఇంకో రెండు గడులు కావాలె

పోస్టు కొంచెం పొడుగు. పత్తి వేసినోళ్లు మాత్రం ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. క్వింటాకు మన చేతికొచ్చే రూపాయల సంగతి ఇది.

మద్దతు ధర అనగానే మనకు ఒక అంకె గుర్తుంటది. 2025-26 సీజనుకు పొడవు పింజకు 8,110 రూపాయలు, మధ్యరకం పింజకు 7,710. మధ్యలో ఉన్న ఆ 400 తేడా దేని మీద వచ్చిందో ఎప్పుడన్నా ఆలోచించారా? రెండు కొలతల మీద. పొడవు పింజ అంటే పోగు పొడవు 29.5 నుంచి 30.5 మిల్లీమీటర్లు, మైక్రోనేర్ 3.5 నుంచి 4.3. మధ్యరకం అంటే 24.5 నుంచి 25.5 మిల్లీమీటర్లు, మైక్రోనేర్ 4.3 నుంచి 5.1. ధర ప్రకటించేదే ఈ కొలతల పేరు మీద.

ఇప్పుడు ఇంట్లో ఉన్న పాత తక్‌పట్టీ ఒకటి తీసి చూడండి. పేరు, తూకం, తేమ, రేటు ఉంటాయి. పింజ ఎన్ని మిల్లీమీటర్లో రాసి ఉందా? మైక్రోనేర్ ఎంతో రాసి ఉందా? నేను చూసిన ఒక్క తక్‌పట్టీలో కూడా లేదు. ధర ఏ కొలత మీద కట్టారో ఆ కొలత మన కాగితంలో కనపడదు. మిషను పెట్టి కొలిచేది తేమ ఒక్కటే, అది రేటు కోసేందుకు పెట్టిన కొలత.

తేమ కొలవొద్దని నేను అనట్లేదు. ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో ముందు తెలుసుకుందాం. పత్తి పోగు గాలిలో ఉన్న తేమను పీల్చుకుంటది, గాలి పొడిగా ఉంటే వదిలేస్తది. అది దాని స్వభావం. పూర్తిగా ఎండిన 100 కిలోల దూది మామూలు గాలిలో ఎనిమిదిన్నర కిలోల దాకా నీళ్లు పట్టుకుంటదని దూది వ్యాపారంలో లెక్క. పాలిస్టర్ అరకిలో కూడా పట్టదు, అందుకే ఎండాకాలం ఆ చొక్కా వేసుకుంటే ఒంటికి అతుక్కుంటది. కాబట్టి 8 శాతం తేమ ఉన్న పత్తి తడిసిన పత్తి కాదు, మామూలు పత్తి. సీసీఐ లెక్కలో 8 దాకా పూర్తి ధర, అది దాటితే ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత, 12 దాటితే కొనరు. 8,110 మీద ఒక్క శాతం అంటే 81 రూపాయల 10 పైసలు. 12 దగ్గర రేటు 7,785 రూపాయల 60 పైసలకు దిగుతది.

నీళ్లకు పత్తి ధర కట్టమని ఎవరూ అడగరు, కాబట్టి ఈ కోత న్యాయమే. ఒక్క మాట మాత్రం. ఈ మీటర్లు చాలావరకు పత్తిలో కరెంటు ఎంత సులువుగా పారుతదో చూసి తేమ చెప్తాయి. గట్టిగా తొక్కిన బోరెంలో ఒక అంకె, వదులుగా ఉన్న కుప్పలో ఇంకో అంకె రావొచ్చు. మంచు పడ్డ పొద్దున పైపొరలో ఒకటి, లోపల ఒకటి ఉంటది. అందుకే ఒక్క పోటు పొడిచి రాసేస్తే ఒప్పుకోకండి. నాలుగైదు చోట్ల చూసి సగటు వేయమనండి. వీలైతే బండి మధ్యాహ్నం పూట నిలబెట్టండి.

ఇక అసలు సంగతి. మన పత్తి జిన్నింగులో పడి, 100 కిలోలకు 33, 34 కిలోల దూది దిగి, 170 కిలోల బేలు కట్టాక కథ మారిపోతది. బేలు నుంచి నమూనా తీసి హెచ్‌వీఐ అనే మిషన్లో పెడతారు. పోగు పొడవు, అన్నీ ఒకే పొడవున్నాయా లేదా, తెంపడానికి ఎంత బలం పట్టింది, మైక్రోనేర్, తెల్లదనం, పసుపుదనం, చెత్త, అన్నీ అంకెల్లో వస్తాయి. స్పిన్నింగు మిల్లు ఆ అంకెలు చూసే బేరం ఆడతది. దూది ఒకటే, కానీ బండిలో ఉన్నప్పుడు దానికి అంకెలు లేవు, బేలు అయ్యాక ఉన్నాయి. మధ్యలో చేతులు మారింది కదా, ఆ అంకెల వల్ల వచ్చే లాభం కూడా అక్కడే ఆగిపోతది.

బండి దగ్గర పింజ చూసే పద్ధతి అందరికీ తెలిసిందే. కొనేటాయన చిటికెడు పత్తి తీసుకుని, రెండు బొటనవేళ్ల మధ్య లాగి, మళ్లీ పేర్చి, మళ్లీ లాగి, పోగులన్నీ సమానంగా చేసి చూస్తాడు. ఏళ్ల తరబడి చేసినోళ్ల చెయ్యి తక్కువేం కాదు, నాకు గౌరవమే. కానీ చేతితో పొడవు చూడగలం, మైక్రోనేర్ చూడలేం. పైగా ఆ చెయ్యి కొనేవాళ్ల చెయ్యి. తూకం కాంటాకు ప్రభుత్వం ముద్ర ఉండాలని అడుగుతాం, పింజకు మాత్రం ఒక మనిషి బొటనవేలు చాలని ఊరుకుంటున్నాం.

మైక్రోనేర్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆ మాట చెప్పే మన నోరు మూయిస్తారు. నిర్ణీత బరువు దూదిని ఒక డబ్బాలో కుక్కి దాంట్లోంచి గాలి పంపిస్తారు. పోగులు సన్నగా ఉంటే గాలికి అడ్డం ఎక్కువ, అంకె తక్కువ వస్తది. లావుగా ఉంటే గాలి సులువుగా పోతది, అంకె పెరుగుతది. ఇందులో ఒక మెలిక ఉంది. పుట్టుకతోనే సన్నగా ఉండే మేలురకం పోగుకీ తక్కువ అంకే వస్తది, ముదరకుండా పలచబడ్డ పోగుకీ తక్కువ అంకే వస్తది. ఈజిప్టు పొడవు పింజ పత్తికి అంకె తక్కువైతే అది గొప్ప. మన హైబ్రిడ్లలో 3.5 కిందికి పడితే మాత్రం చాలాసార్లు కాయ ముదరలేదనే అర్థం. ముదరని పోగు దారంలో ఉండలు కడతది, రంగు సరిగా పట్టదు, అద్దిన బట్ట మీద తెల్ల చుక్కలు తేలతాయి. మిల్లువాళ్ల భయం ఊరికే కాదు.

పోగు ఎప్పుడు ఏమైతదో చేను చూసే మనకే బాగా అర్థమైతది. పువ్వు పూసిన దగ్గర్నుంచి మూడు వారాలు పోగు పొడవు సాగుతది. ఆ తర్వాత మూడు నాలుగు వారాలు లోపల గోడ దళసరి కడతది. మొదటి మూడు వారాల్లో బెట్ట తగిలితే పింజ పొట్టిదైతది. తర్వాతి వారాల్లో నీళ్లు లేకున్నా, పచ్చదోమకు ఆకు ఎర్రబడి రాలినా, చలి ముదిరినా గోడ పలచబడతది, మైక్రోనేర్ పడిపోతది. అందుకే మొదటి ఏరుడు పత్తికీ చివరి ఏరుడు పత్తికీ తేడా ఉంటది. చివరి దానికి పింజ, బలం రెండూ తక్కువే.

సీజను చివర్లో "నాణ్యత పడిపోయింది, క్వింటాకు ఇంత తగ్గిస్తున్నాం" అన్నప్పుడు మనవాళ్లు గొడవ పెట్టుకుంటారు. ఆ మాట అబద్ధమని నేను అనను, చాలాసార్లు నిజమే అయి ఉంటది. కానీ ఆ కోత యార్డుకు వచ్చిన పత్తి మొత్తానికి పెడతారు. బోరు నీళ్లు పెట్టి చివరిదాకా చేను పచ్చగా కాపాడినోడికీ అదే కోత, వానకు వదిలేసినోడికీ అదే కోత. ఇంకో ప్రశ్న. చివరి ఏరుడుకు అంకె తగ్గిందని కోస్తే, అక్టోబరు నవంబరులో తెచ్చిన మొదటి ఏరుడు 31 మిల్లీమీటర్లు ఉంటే పైన ఎంత ఇచ్చారు? తగ్గితే కోత ఉంది, పెరిగితే పెంపు లేదు. పరీక్ష కాగితం మన చేతిలో లేనంతకాలం దీన్ని అడగడానికి కూడా మనకు ఆధారం లేదు.

అమెరికాలో ఎట్లా ఉందో చూద్దాం. అక్కడా ఒకప్పుడు ఇదే బాధ. కొనేవాడికి పత్తి గురించి అంతా తెలుసు, పండించినోడికి తెలియదు. 1937లో స్మిత్-డాక్సీ చట్టం తెచ్చి, రైతు పత్తికి ప్రభుత్వ గ్రేడరు ఉచితంగా గ్రేడు చెప్పే ఏర్పాటు చేశారు. 1991 నుంచి దాదాపు పంట మొత్తాన్ని మిషను మీదే పరీక్షిస్తున్నారు. ఇప్పుడు ఫీజు ఉంది, అయినా ప్రతి బేలుకూ నంబరు, ఆ నంబరుకు పరీక్ష ఫలితం, అది రైతుకు అందుతది. అక్కడి రైతు జిన్నింగు చేయించి బేలుగా అమ్ముకుంటాడు, మనం గింజతో ఉన్న పత్తే అమ్ముతాం. ఆ తేడా పెద్దదే. మన పత్తి మిల్లులో కుప్పలో పడగానే ఎవరిదెవరిదో కలిసిపోతది. 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబరు 31 దాకా దిగుమతి సుంకం 11 శాతం ఎత్తేశారు కదా, అప్పుడు అమెరికా పత్తి వచ్చింది అంటే ఆ అంకెల కాగితంతోనే వచ్చింది. దాని ముందు మన పత్తి కాగితం లేకుండా నిలబడింది.

"ప్రతి బండికీ మిషను ఎక్కడ సాధ్యం?" అంటారు. నాకూ తెలుసు, కష్టమే. హెచ్‌వీఐకి దూది కావాలె, గింజ పత్తి పనికిరాదు. నమూనాను దాదాపు 20 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉన్న గదిలో చాలాసేపు ఆరనిచ్చి పరీక్షించాలె, లేకపోతే బలం అంకె తప్పుగా వస్తది. పత్తి పోగుకు తేమ ఎక్కితే బలం పెరుగుతది మరి. చాకిరేవు బండ మీద ఎంత బాదినా నూలు బట్ట తట్టుకునేది అందుకే. కాబట్టి బండి నిలబెట్టి అప్పటికప్పుడు చెప్పడం కుదరదు. కానీ అప్పటికప్పుడే కావాలని ఎవరన్నారు? బండి దగ్గర అరకిలో పత్తి రైతు ముందే సంచిలో వేసి, సీలు వేసి, తక్‌పట్టీ నంబరు రాయండి. ఆ రోజు మద్దతు ధర ఇచ్చేయండి. చిన్న ల్యాబు జిన్నులో దూది తీసి వారంలో పరీక్ష చేయండి. మిషను మీద ఒక్కో నమూనాకు పట్టేది నిమిషం అటూ ఇటూ. స్లాటు బుకింగుకు కపాస్ కిసాన్ యాప్ తెచ్చారు కదా, ఫలితం అందులోనే పెట్టండి. అంకె బాగుంటే తేడా ఖాతాలో వేయండి.

అదీ కాదంటే ఊరి లెక్కన చేయండి. మొదటి ఏరుడప్పుడు ఏఈవో క్లస్టరుకు, విత్తన రకానికి కొన్ని నమూనాలు తీసి పంపి, వచ్చిన అంకెలు రైతు వేదిక గోడ మీద అతికిస్తే చాలు. పత్తి పోగు పరీక్షలకు దేశంలో సంస్థ లేక కాదు. ముంబైలో సిర్కాట్ 1924 నుంచి ఉంది, గుంటూరులో దాని యూనిట్ ఉంది. లోటల్లా నమూనా రైతు పేరు మీద పోకపోవడమే.

ధర పక్కన పెట్టినా ఆ కాగితం వల్ల ఇంకో లాభం ఉంది. విత్తన ప్యాకెట్ అమ్మేటోడు పింజ ఇంత, బలం అంత అంటాడు. మన నేలలో, మన నీళ్లతో అది ఎంత వచ్చిందో మనకు తెలిసే దారే లేదు. కాయ సైజు చూసి, పక్క చేను చూసి గింజ కొంటున్నాం. రెండేళ్ల పరీక్ష కాగితాలు చేతిలో ఉంటే ఏ గింజ ఏ నేలకు ఏ పింజ ఇస్తదో ఊరంతా మాట్లాడుకోవచ్చు.

అప్పటిదాకా ఇంట్లో చేసుకునే పని ఒకటి చెప్తా. చెట్టు మధ్య కొమ్మల్లో బాగా పగిలిన కాయల నుంచి ఇరవై గింజలు, పోగుతో సహా తీసుకోండి. గింజ మధ్యలో పాపిడి తీసి, సన్న పళ్ల దువ్వెనతో పోగును రెండు వైపులా మెల్లగా దువ్వండి, సీతాకోకచిలుక రెక్కల్లా వస్తది. పొందూరులో ఖద్దరు వడికే ఆడవాళ్లు ఇదే దువ్వే పనికి వాలుగ చేప దవడ వాడతారు, మనకు దువ్వెన చాలు. నల్ల గుడ్డ మీద పెట్టి గింజ అంచు నుంచి పోగు దట్టంగా ఉన్నంతవరకు స్కేలుతో కొలవండి. రెండు వైపులదీ సగటు, తర్వాత ఇరవై గింజలదీ సగటు. మిషను అంకెతో సరిగ్గా కలవదు, కానీ మీ చేన్లో ఒక ఏరుడుకీ ఇంకో ఏరుడుకీ, ఒక రకానికీ ఇంకో రకానికీ తేడా పక్కాగా తెలుస్తది.

మనవైపు కూడా ఒకటుంది, కోపం తెచ్చుకోకండి. యూరియా సంచుల్లో పత్తి తొక్కకండి. ఆ ప్లాస్టిక్ పీచు దూదిలో కలిస్తే హెచ్‌వీఐకి కూడా దొరకదు. రంగు అద్దాక బట్ట మీదే తేలతది, ఆ నష్టానికి మిల్లువాళ్లు మన పత్తికంతా ముందే రేటు తగ్గించి కూర్చుంటారు. ఏరేటప్పుడు తలకు గుడ్డ కట్టుకోవడం, నూలు గుడ్డ జోలెలు వాడడం, చివరి ఏరుడును మొదటి దాంతో కలపకుండా వేరే పోయడం, వీటికి పైసా ఖర్చు లేదు. పరీక్ష అడిగేవాళ్లం పరీక్షకు నిలబడే పత్తి తేవాలె. కలిపి తెచ్చేవాళ్లకు పరీక్ష వస్తే నష్టమే, అది కూడా ముందే చెప్తున్నా.

ఈసారి బండి తోలుకుపోయినప్పుడు గొడవ పడకుండా ఒక్క మాట అడగండి: "సార్, ఏ పింజ కింద రాస్తున్నారు, ఎన్ని మిల్లీమీటర్లు?" చెప్తే తక్‌పట్టీ వెనకాల పెన్నుతో రాసి ఇమ్మనండి. చెప్పకపోయినా తేదీ వేసి, ఏం జవాబు వచ్చిందో, తేమ ఎంత పడిందో, ఎన్నో ఏరుడో కింద కామెంట్లో పెట్టండి. మార్కెట్ పేరు, ఆఫీసరు పేరు వద్దు, మండలం చాలు. వచ్చినవన్నీ ఒక కాగితం మీద రాసి కలెక్టరేట్ ప్రజావాణిలో ఇస్తా.