చక్కెర లేదన్న డబ్బా, పుచ్చుతున్న పాలపళ్లు

"డబ్బా మీద చక్కెర లేదని రాసుందిగా, ఇంక పళ్లెందుకు పుచ్చుతాయి?" మేడ్చల్, శామీర్‌పేట వైపే కాదు, డబ్బాపాలు పట్టే ప్రతిచోటా ఈ నమ్మకం పాతుకుపోయింది. అది తప్పు. దానివల్ల పసివాళ్లు నొప్పితో ఏడుస్తున్నారు.

టీలో వేసుకునే చక్కెర, అంటే సుక్రోజ్, ఆ డబ్బాలో లేకపోవచ్చు. కానీ పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, ఉంటుంది. విరేచనాలప్పుడు డాక్టర్లు రాసే లాక్టోజ్ లేని పొడిలో సాధారణంగా మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంటుంది. అది పెద్దగా తియ్యగా ఉండదు కాబట్టి ఎవరూ చక్కెర కింద లెక్కేయరు. నోట్లో ఉమ్మి తగలగానే అది మాల్టోజ్‌గా విడిపోతుంది. స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే బ్యాక్టీరియా వీటన్నిటినీ తిని ఆమ్లం వదులుతుంది. పంటి మీద పీహెచ్ సుమారు 5.5 కన్నా దిగిందంటే ఎనామిల్ కరగడం మొదలైనట్టే. పాలపళ్లకు ఆ ఎనామిల్ పలచన కూడా.

సుక్రోజ్ అన్నిటికన్నా చెడ్డదన్నది నిజమే. దానితో ఆ బ్యాక్టీరియా జిగురు తయారుచేసుకుని పంటిని పట్టుకుంటుంది. లాక్టోజ్‌తో ఆ జిగురు రాదు. మన ఆహార భద్రతా నిబంధనలు శిశువుల పాలపొడిలో సుక్రోజ్‌ను కట్టడి చేశాయి కూడా. కానీ "చప్పగా ఉన్నయి, తాగుతలేడు" అని ఇంట్లో చెంచాడు చక్కెర కలిపితే, పాలపీకను తేనెలో ముంచి పెడితే, ఆ కట్టడి ఏ పనికొస్తుంది?

అసలు ప్రమాదం రాత్రి సీసాతో. నిద్రలో ఉమ్మి ఊరడం బాగా తగ్గిపోతుంది. సీసా నోట్లో ఉండగానే బిడ్డ నిద్రపోతే పాలు పై ముందుపళ్ల చుట్టూ నిలిచిపోతాయి. కింది పళ్లకు నాలుక అడ్డం ఉంటుంది. బిడ్డ పై పెదవి ఎత్తి చూడండి. చిగురు అంచు వెంబడి సుద్దతో గీసినట్టు తెల్లటి గీత ఉంటే పుచ్చు మొదలైందన్నమాట. అప్పుడు పట్టుకుంటే ఫ్లోరైడ్‌తో ఆపొచ్చు. పన్ను నల్లబడేదాకా చూడకండి. "పాలపళ్లేగా, ఊడిపోయేవే" అనేవాళ్లకు ఒక మాట: వెనక దవడ పాలపళ్లు పది, పన్నెండేళ్లదాకా ఉండాల్సినవి.

దీనికి తల్లిని తిట్టడం మరీ అన్యాయం. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. తొలి పన్ను మొలిచేదీ దాదాపు ఆరు నెలలకే. మేడ్చల్ ఫ్యాక్టరీల్లో, జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో పనిచేసే తల్లి సరిగ్గా ఆ వేళకే షిఫ్టుకు వెళ్లాలి. సీసా అమ్మమ్మ చేతికొస్తుంది. 50 మంది, ఆపైన పనిచేసేచోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలనీ, తల్లిని రోజుకు నాలుగుసార్లు బిడ్డ దగ్గరికి పోనివ్వాలనీ చట్టం చెబుతోంది. యాజమాన్యాలను నిలదీయాల్సింది ఇక్కడ.

అంగన్‌వాడీలో బిడ్డ బరువు తూచేరోజునే పై పెదవి ఎత్తి చూడాలి. పన్ను వచ్చాక రాత్రి సీసాలో నీళ్లు తప్ప ఏదీ పోయొద్దని, బియ్యపుగింజంత ఫ్లోరైడ్ పేస్టుతో తోమాలని అమ్మమ్మకూ నానమ్మకూ అక్కడే చెప్పాలి. ఆ మాటే డబ్బా మీద తెలుగులో, కంటికి ఆనేంత పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించాలి.