వరస కట్టిన వాళ్ల పేరేదీ?

మన తిరుపతిలో ఏ పెళ్లికి పోయినా తలంబ్రాల వేళకు 'పిడికిట తలంబ్రాల' వినిపించాల్సిందే. పాడేవాళ్లు లేకపోతే నాదస్వరం వాళ్లయినా వాయిస్తారు. బడిలో పాటల పోటీ అయినా, గృహప్రవేశమైనా, సాయంత్రం నలుగురు ఆడవాళ్లం చేరి పాడుకున్నా అన్నమయ్యే. సినిమాతో పని లేకుండా ఈ కాలంలో ఇంతగా జనం నోళ్లలో నానిన పాటలు ఇంకేమున్నాయి చెప్పండి? నన్నడిగితే మన ఊరి పాప్ సంగీతం ఇదే. పెద్దవాళ్లు కోప్పడకండి, పాప్ అంటే జనం పాడుకునేదనే నా అర్థం!

మరి ఈ పాటలకు వరసలు కట్టిందెవరు? మా వీధిలో అడిగితే "అదేందక్కా, అన్నమయ్యే కదా" అన్నారు. కాదు. 1503లో కన్నుమూసిన అన్నమయ్య పాటలు తిరుమల గుడిలో రాగిరేకుల మీద దొరికాయి. పాట పైన రాగం పేరుంది, స్వరం లేదు. చింతపండు, ఉప్పు, బెల్లం అని రాసి పెట్టినంత మాత్రాన పులుసు అయిపోతుందా? ఎవరో ఒకరు పొయ్యి దగ్గర నిలబడాలి కదా!

అట్లా నిలబడినవాళ్లు మన కాలం వాళ్లే. మొదట రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, అనంతపురం జిల్లా మనిషి. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గొంతులో 'నానాటి బతుకు' విని కళ్లు తుడుచుకోనివాళ్లు మనలో ఎవరున్నారు? దాన్ని రేవతి రాగంలో కట్టింది నేదునూరి కృష్ణమూర్తి. ఇక 1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టాక గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు ఆరువందలకు పైగా పాటలకు స్వరాలు కట్టారు. 'వినరో భాగ్యము' ఆయనదే, ఆ తలంబ్రాల పాటా ఆయనదే. 2025 మార్చిలో ఈ ఊళ్లోనే పోయారు. ఆ వారం కూడా పెళ్లిళ్లలో ఆయన వరసే మోగింది. తలంబ్రాలు పోసుకున్నవాళ్లలో ఎందరికి తెలుసు?

జపాన్ వాళ్ల సంగతి ఒకటి చెప్తాను. 1961లో అక్కడ వచ్చిన ఒక పాట 1963లో అమెరికాలో 'సుకియాకి' అనే పేరుతో మొదటి స్థానానికి పోయింది. సుకియాకి అంటే ఒక మాంసం కూర, పాటకూ దానికీ సంబంధమే లేదు! రాసినవాడు రోకుసుకె, కట్టినవాడు హాచిదాయ్, పాడినవాడు క్యూ. ఆ పేర్లలో వాళ్ల భాష ప్రకారం ఆరు, ఎనిమిది, తొమ్మిది ఉన్నాయి. అందుకని ముగ్గుర్నీ కలిపి 'రోకు హాచి క్యూ' అని పిలుచుకున్నారు. పాడినవాణ్ణి ఒక్కణ్ణే నెత్తిన పెట్టుకోలేదు. అంత దూరమెందుకు, మన రేడియోలో లలిత గీతం వస్తే రచన, సంగీతం, గానం అని మూడు పేర్లూ చెప్పేవాళ్లు. బాలాంత్రపు రజనీకాంతరావు, సాలూరి రాజేశ్వరరావు వంటి వాళ్ల పేర్లు ఎంతోమంది ఆడవాళ్లకు వంటింట్లో ఉండగానే నోటికొచ్చాయి.

"భక్తి పాటకు పేర్లెందుకు, స్వామికి తెలియదా" అంటారు కొందరు. స్వామికి తెలుసు. మన పిల్లలకు తెలియొద్దూ? వరస కూడా అయిదొందల ఏళ్ల నాటిదే అనుకున్న పిల్ల, తానొకటి కట్టొచ్చని కలలో అయినా అనుకుంటుందా? సంగీతం నేర్చుకుంటున్న ఆడపిల్లలు వీధికి ముగ్గురున్నారు ఇక్కడ. ఇంకా వరస కట్టని అన్నమయ్య పాటలు వేలల్లో ఉన్నాయి.

ఈసారి మా కాలనీ పిల్లల పోటీకి కాగితం నేనే తయారుచేశాను. రచన, స్వరరచన, గానం అని మూడు గడులు పెట్టాను. "రెండో గడిలో ఏం రాయాలక్కా?" అని అప్పుడే ఇద్దరు తల్లులు ఫోన్ చేశారు. కనుక్కుని రాయండి, తెలియకపోతే 'తెలియదు' అని రాయండి, ఖాళీగా మాత్రం వదలొద్దన్నాను.