తుప్పు పాఠం ఎన్ని మార్కులకు?



పోయిన నెల పదో తరగతిలో తుప్పు గురించి చెబుతుంటే ఒక అబ్బాయి లేచాడు. "మేడమ్, రాకెట్లను సముద్రం పక్కనే ప్రయోగిస్తారు కదా, అక్కడి ఇనుము తుప్పు పట్టదా?" అని అడిగాడు. సిలబస్ పూర్తి చేయాలన్న తొందరలో "అది పరీక్షలో రాదు, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. ఆ తర్వాత వారం రోజులు నోరు విప్పలేదు. తప్పు నాదే.

ఆ రాత్రి జవాబు వెతికాను. అమెరికాలో ఫ్లోరిడా తీరాన ఉన్న కెనెడీ స్పేస్ సెంటర్‌ది కూడా ఇదే సమస్య. ఉప్పుగాలి ఒకవైపు, స్పేస్ షటిల్ బూస్టర్ల పొగలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం మరోవైపు లాంచ్ ప్యాడ్ ఉక్కును తినేసేవి. 1970లలో నాసా గొడ్డార్డ్ కేంద్రం శాస్త్రవేత్తలు జింక్ పొడి, పొటాషియం సిలికేట్ కలిపి, నీటి ఆధారంగా ఒక పూత తయారుచేశారు. 1980ల మొదట్లో ఒక ప్రైవేటు సంస్థ దానికి లైసెన్స్ తీసుకుని మార్కెట్లోకి తెచ్చింది. 1986లో నూరేళ్లు నిండిన స్టాచ్యూ ఆఫ్ లిబర్టీకి మరమ్మతులు చేసినప్పుడు, లోపలి ఇనుప నిర్మాణానికి ఈ పూతే వేశారు.

ఇది పనిచేసే తీరు చాలా సులువు. ఇనుము కన్నా జింక్ చురుకైన లోహం. అందుకే గాలికీ తేమకూ ముందు తానే కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. మన ఇళ్లలోని జీఐ పైపుల వెనకున్న సూత్రం కూడా ఇదే. పిల్లల పుస్తకంలో గాల్వనీకరణం పేరుతో ఉన్నదీ ఇదే. అంటే, పరీక్షలో రాదని నేను కొట్టిపారేసిన ప్రశ్నకు జవాబు ఆ పాఠంలోనే ఉంది!

పేరెంట్స్ మీటింగ్‌లో మీరు మార్కులు, ర్యాంకు అడుగుతారు. ఫీజు కడుతున్నారు, అడగాల్సిందే. కానీ ప్రశ్నలకు సమయం ఇస్తే సిలబస్ వెనకబడుతుందన్న భయం మీకూ ఉంది, మాకూ ఉంది. ఆ భయంతో మనం పిల్లలకు నేర్పుతున్నది నోరు మూసుకోవడమే అని నాకిప్పుడు అనిపిస్తోంది. పీరియడ్‌లో ఐదు నిమిషాలు ప్రశ్నలకు వదిలితే పోయేదేమీ లేదు.

ఇంట్లో మీరూ ఒక పని చేయండి. ఒక మామూలు మేకును, ఒక జీఐ మేకును ఉప్పునీళ్లలో వారం రోజులు ఉంచి పిల్లలతో గమనింపజేయండి. సాయంత్రం "ఎన్ని మార్కులు వచ్చాయి?" కన్నా ముందు "ఈరోజు ఏం ప్రశ్న అడిగావు?" అనండి.

ఆ అబ్బాయికి క్లాసులోనే సారీ చెప్పి, జవాబు వివరించాను. వెంటనే మళ్లీ లేచాడు: "మరి జింక్ మొత్తం అయిపోతే, మేడమ్?"

ఈసారి కూర్చోమనలేదు.