సార్థకము, లాభకరము: వాణిజ్య గణాంక బోధనలో భాషావిచారము

శాస్త్రపరిభాషను ఆయా శాస్త్రజ్ఞులే నిర్ణయించుకొనవలెననియు, భాషాపండితునకు అందు పని లేదనియు ఒక అభిప్రాయము విద్యాలోకమున చిరకాలముగా వ్యాపించి యున్నది. పరిభాష యనగా పదముల పట్టిక మాత్రమే యనుకొన్నచో ఈ మాట కొంతవరకు చెల్లును. కాని శాస్త్రము పదములలో నిలువదు, వాక్యములలో నిలుచును. పదము సరిగా కుదిరియు వాక్యము తప్పినచో శాస్త్రమే తప్పును. దీనికి దృష్టాంతముగా వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు బోధించు పరికల్పనా పరీక్షను, విస్తృతి విశ్లేషణమును గైకొనవచ్చును. ఈ రెండు ప్రకరణములందును విద్యార్థులు చేయు పొరపాటులలో గణితమునకు సంబంధించినవి తక్కువ, భాషకు సంబంధించినవి ఎక్కువ.

ఈ పరీక్షలు వ్యాపారమునకు దూరపువి కావు. చిన్న నమూనాలనుబట్టి నిర్ణయము చేయు పద్ధతిని 1908లో ‘స్టూడెంట్’ అను మారుపేరుతో ప్రకటించిన గాసెట్, డబ్లిన్ నగరమందలి గిన్నెస్ బీరు కర్మాగారమున ఉద్యోగి. 1919లో రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన క్షేత్రమున చేరిన ఫిషర్, పొలములలోని ఎరువుల ప్రయోగములను పరిశీలించుచు విస్తృతి విశ్లేషణమును రూపొందించెను. 1925లో వెలువడిన ఆయన గ్రంథము దానిని లోకమునకు పరిచయము చేసెను. 1933లో నేమన్, ఈగన్ పియర్సన్ అను నిరువురు పరికల్పనా పరీక్షకు వేరొక సిద్ధాంతరూపము నిచ్చిరి. మన దేశమున 1931లో మహలనోబిస్ కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించెను. 1933లో ఆరంభమైన ఆ సంస్థ పత్రికకు ‘సాంఖ్య’ యని పేరు. తెలుగు కుటుంబమున 1920లో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము నభ్యసించి, 1941లో ఆ సంస్థకు చేరిన సి. ఆర్. రావు, 2023లో కీర్తిశేషులగువరకును ఈ శాస్త్రమున అగ్రగణ్యులుగా నుండిరి. కావున ఈ విద్య మనకు పరాయిది కాదు. దానిని దేశభాషలలో చెప్పు తీరు మాత్రమే ఇంకను కుదుటపడలేదు.

విషయము స్పష్టమగుటకు ఒక కల్పిత ఉదాహరణము చాలును. ఒక వర్తకుడు టీ పొడిని తెలుపు, ఎరుపు, నీలము అను మూడు రంగుల కాగితములలో పొట్లములు కట్టించి, ఒక్కొక్క రంగును అయిదేసి దుకాణములకు పంపెననుకొందము. ఏ దుకాణమునకు ఏ రంగు పోవలెనో చీట్లు వేసి నిర్ణయించెను. ఒక వారమున తెల్ల పొట్లములు దుకాణముల వరుసన 18, 20, 22, 19, 21 అమ్ముడయ్యెను. ఎర్రవి 19, 21, 20, 22, 23. నీలపువి 22, 24, 23, 25, 21. సగటులు వరుసగా 20, 21, 23. ఈ భేదము రంగువలన కలిగినదా, లేక దుకాణమునకును దుకాణమునకును సహజముగా నుండు హెచ్చుతగ్గుల ఫలమా అనునది ప్రశ్న.

సగటులను పోల్చుటకు విస్తృతిని విశ్లేషింపనేల అని విద్యార్థి ఇచ్చట తికమకపడును. సంతలో ఒకని పిలుపు వినబడునా లేదా యనునది ఆ పిలుపు బిగ్గరతనముపైననే కాక, చుట్టునున్న కోలాహలముపైనను ఆధారపడును. ఒకే రంగు పొట్లములు పోయిన దుకాణముల నడుమనుండు హెచ్చుతగ్గులే ఆ కోలాహలము. రంగుల సగటుల నడుమనుండు భేదము పిలుపు. పై లెక్కలో రంగుల నడిమి వర్గముల మొత్తము 23.33; దానిని 2 స్వాతంత్ర్యాంశలచే భాగింపగా 11.67 వచ్చును. దుకాణముల నడిమి వర్గముల మొత్తము 30. దానిని 12 స్వాతంత్ర్యాంశలచే భాగింపగా 2.5 వచ్చును. ఈ రెంటి నిష్పత్తి 4.67. దీనినే ఫిషర్ పేరి మొదటి అక్షరముతో ఎఫ్ నిష్పత్తి యందురు. రంగువలన భేదమే లేనిచో ఈ నిష్పత్తి 3.89ని దాటుట నూటికి అయిదు మారులు, 6.93ని దాటుట నూటికి ఒక్క మారు సంభవించును. కావున 4.67 అయిదు శాతపు గీటును దాటినది, ఒక శాతపు గీటును దాటలేదు. గణితము ఇంతటితో ముగిసినది. వాక్యము ఇచ్చట ఆరంభమగును.

విద్యార్థి వ్రాయు మొదటి వాక్యము: ‘అమ్మకములలో భేదము సార్థకము.’ వ్యవహారమున ఈ పదమునకు ప్రయోజనము కలది, సఫలమైనది యని అర్థము. పైగా అర్థశబ్దమునకు భావము, ప్రయోజనము, ధనము అను మూడర్థములును కలవు. వాణిజ్యశాస్త్ర విద్యార్థి చెవికి మూడవ అర్థము ముందుగా వినబడుటలో వింత లేదు. భేదము సార్థకమన్నంతనే నీలపు కాగితము లాభకరమని అతడు నిశ్చయించును. లెక్క చూడుడు. పొట్లమొక్కింటికి నాలుగు రూపాయలు మిగులుననియు, నీలపు కాగితమునకు పొట్లమునకొక రూపాయి అదనపు ఖర్చనియు అనుకొన్నచో, తెల్ల పొట్లములమీద దుకాణమునకు వచ్చు వారపు మిగులు 80 రూపాయలు, నీలపు పొట్లములమీద 69 రూపాయలు. భేదము గణాంకశాస్త్రరీత్యా సార్థకము, వర్తకునకు నష్టకరము. ఒకే తీర్పునకు ఈ రెండు విశేషణములును తగియున్నవి. ఒక పదము రెండవదానిని మ్రింగివేయుటయే ప్రమాదము.

ఈ దోషము తెలుగున పుట్టినది కాదు. ఆంగ్లపదమందే ఈ ద్వైధీభావము కలదు. 2016లో అమెరికా గణాంకశాస్త్ర సంఘము ఒక ప్రకటన చేయుచు, సంభావ్యతాంకము ఫలితముయొక్క పరిమాణమునుగాని ప్రాముఖ్యమునుగాని కొలువదని హెచ్చరించెను. 2019లో ఆ సంఘపు పత్రికయొక్క ప్రత్యేక సంచిక సంపాదకులు ఆ విశేషణమునే విడిచిపెట్టవలెనని కోరిరి. ఆంగ్లమున సందిగ్ధమైన పదమునకు దేశభాషలలో సంస్కృతపదము నేర్చుకొనునపుడు ఆ సందిగ్ధతను తగ్గించు నవకాశముండెను. హిందీయందును తెలుగునందును సార్థకశబ్దమునే గైకొనుటచే అది తగ్గుటకు మారు హెచ్చినది. కొందరు వాడుచున్న ‘గణనీయము’ ఇంతకంటె అపాయకరము. నేటి తెలుగున ఆ మాటకు పెద్దది యను అర్థమే స్థిరపడినది. ‘గమనార్హము’ అనునది మేలు. భేదము పెద్దదనిగాని లాభకరమనిగాని ఆ పదము చెప్పదు. మరల పరిశీలింపదగినదని మాత్రమే చెప్పును. ఇంతకుమించి చెప్పు అధికారము ఆ పరీక్షకు లేదు. మూడు రంగులును సమానములు కావని మాత్రమే ఎఫ్ నిష్పత్తి తెలుపును. ఏ రెంటికి భేదమో తెలియుటకు వేరొక పోలిక కావలెను. టూకీ పద్ధతిని పై లెక్కకు అన్వయించినచో కనీసము 2.67 పొట్లముల భేదముండవలెను. తెలుపు నీలముల నడిమి 3 పొట్లముల భేదము మాత్రమే దానిని దాటును.

రెండవ పొరపాటు వ్యతిరేకార్థమునకు సంబంధించినది. ఎఫ్ నిష్పత్తి గీటును దాటనిచో విద్యార్థి ‘శూన్య పరికల్పన అంగీకరింపబడినది, కావున భేదము లేదు’ అని వ్రాయును. శూన్య పరికల్పన ఎన్నడును రుజువు కాదని, అది కొట్టివేయబడుటకు మాత్రమే అవకాశము కలదని ఫిషర్ 1935 నాటి గ్రంథమున స్పష్టము చేసెను. ‘భేదము లేదు’, ‘భేదము కానరాలేదు’ అను రెండు వాక్యములును వేరు. న్యాయస్థానమున నేరము రుజువు కాలేదనుటకును, ముద్దాయి నేరము చేయలేదనుటకును గల యంతరము పల్లెటూరి రైతునకును తెలియును. తెలుగు క్రియకు ఈ తేడాను చూపు శక్తి పుష్కలముగా నున్నది: తిరస్కరింపము, తిరస్కరింపలేదు, తిరస్కరింపజాలము. మూడవది ఈ సందర్భమునకు తగిన రూపము. దానిని విడిచి ‘అంగీకరింపబడినది’ అను కర్మణిప్రయోగమును పట్టుకొనుట ఆంగ్ల వాక్యపు ఛాయవలన కలిగిన అలవాటు.

భారతీయ ప్రమాణశాస్త్రము నెరిగిన పండితులకు ఈ విషయము కొత్తది కాదు. భాట్ట మీమాంసకులును, అద్వైతులును అనుపలబ్ధిని ప్రమాణముగా నంగీకరించిరి. నేలపై ఘటము కనబడకపోవుటచే ఘటాభావము తెలియును. కాని వారు అచ్చట యోగ్యతయను నియమమును చేర్చిరి. ఘటమున్నచో తప్పక కనబడునట్టి వెలుతురు మున్నగు సామగ్రి యున్నప్పుడే కనబడకపోవుట అభావమును తెలుపును. చీకటి గదిలో ఘటము కనబడలేదని ఘటము లేదనరాదు. నేమన్, పియర్సన్ అనువారు పరీక్షకు విధించిన ‘శక్తి’ యను లక్షణము ఈ యోగ్యతకు సన్నిహితమైనది: భేదము నిజముగా నున్నచో దానిని పట్టుకొనుటకు పరీక్షకు గల సంభావ్యతయే దాని శక్తి. దుకాణములు అయిదేసికి మారు రెండేసి మాత్రమే యున్నచో ఆ పరీక్ష చీకటిగదివంటిది. దీనినిబట్టి ప్రాచీనులకు గణాంకశాస్త్రము తెలియునని చెప్పుట హాస్యాస్పదమగును. అభావమును గూర్చి జాగ్రత్తగా మాటలాడు సంప్రదాయము మన భాషలకు కలదనియు, దానిని బోధనలో వినియోగింపవచ్చుననియు చెప్పుట మాత్రము న్యాయము.

మూడవ పొరపాటు అన్నిటికంటె సూక్ష్మమైనది. పై లెక్కలో 4.67గాని అంతకు మించినదిగాని వచ్చుటకు సంభావ్యత సుమారు 0.03. విద్యార్థి దీనిని ‘భేదము లేకపోవుటకు సంభావ్యత మూడు శాతము’ అని వ్రాయును. ఉండవలసిన వాక్యము వేరు: ‘భేదము లేనిచో, ఇంతటి నిష్పత్తి వచ్చుటకు సంభావ్యత మూడు శాతము.’ మొదటి వాక్యమున చేదర్థకము జారిపోయినది. దానితో ప్రతిజ్ఞ తలక్రిందులైనది. వర్షము కురిసినచో నేల తడియుననుటకును, నేల తడిసినచో వర్షము కురిసినదనుటకును గల భేదమే ఇది. చేదర్థకమును బోధించు బాధ్యత గణాంకాచార్యునిదా, భాషాచార్యునిదా అని విచారించినచో, ఈ వ్యాసారంభమున పేర్కొన్న అభిప్రాయము ఎంత బలహీనమో తెలియగలదు.

పరిభాషను ఇరుగుపొరుగు భాషలనుండి అరువు తెచ్చుకొన్నంత మాత్రమున ఈ చిక్కు తీరదు. హిందీలో శూన్య పరికల్పనకు ‘నిరాకరణీయ పరికల్పన’ యను పేరు కలదు. శూన్యశబ్దమువలె విలువ సున్నా యను భ్రమను అది కలిగింపదు. కాని అనీయ ప్రత్యయము నిరాకరింపబడుటకు అర్హమైనదని కూడ ధ్వనింపజేయును. పరీక్షకు ముందే తీర్పు చెప్పినట్లగును. హిందీవారు విస్తృతిని ‘ప్రసరణ’ మందురు. తెలుగున ప్రసరణమనగానే రక్తప్రసరణము స్ఫురించును. ఒకే సంస్కృతపదము ఒక్కొక్క భాషలో ఒక్కొక్క జీవితము గడిపినది. 1961లో కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన శాస్త్ర సాంకేతిక పరిభాషా సంఘముగాని, 1968లో హైదరాబాదున ఏర్పడిన తెలుగు అకాడమీగాని చేసిన కృషి సామాన్యమైనది కాదు. పదముల నిచ్చుట వారి వంతు. ఆ పదములు వాక్యములలో నెట్లు ప్రవర్తించుచున్నవో కనిపెట్టుట భాషాశాఖల వంతు.

స్థిరపడిన పదములను కదిలించినచో విద్యార్థులు మరింత కలతపడుదురని ఒక ఆక్షేపణ రావచ్చును. అది త్రోసిపుచ్చదగినది కాదు. పాఠ్యగ్రంథములు, ప్రశ్నపత్రములు, నిఘంటువులు అన్నియు సార్థకశబ్దముతో నిండియున్నవి. ఒక్కనాటిలో దానిని తొలగింప నక్కరలేదు. గమనార్హశబ్దమును దాని ప్రక్కన నిలిపి, కొంతకాలము రెంటిని నడువనీయవచ్చును. అంతవరకును వాక్యనియమములు మూడు పాటించినచో చాలును. సార్థకశబ్దమును స్థాయి చెప్పక ఒంటరిగా వాడరాదు. భేదముయొక్క పరిమాణమును రూపాయలలోనో పొట్లములలోనో వెనువెంటనే చెప్పవలెను. పరికల్పన అంగీకరింపబడినదని వ్రాయక, తిరస్కరింపజాలమని వ్రాయవలెను. సంభావ్యతను చెప్పు వాక్యమున చేదర్థకము తప్పక యుండవలెను. వీనికి కొత్త పుస్తకములు అక్కరలేదు. ప్రశ్నపత్రములను కూర్చువారును, జవాబులను దిద్దువారును ఏకాభిప్రాయమునకు వచ్చినచో చాలును.

2020 నాటి జాతీయ విద్యావిధానము ఉన్నతవిద్యలో మాతృభాషా మాధ్యమమును ప్రోత్సహించుచున్నది. అది మాతృభాషలో చదివిన విద్యార్థికి మేలు చేయునో, ఆంగ్లమున చదివినవానికంటె అతనిని వెనుకకు నెట్టునో అనునది అతని చేతికి వచ్చు వాక్యములపై ఆధారపడి యుండును. వర్గముల మొత్తములను నేడు యంత్రము రెప్పపాటులో కట్టియిచ్చును. నీలపు కాగితమునకు డబ్బు వెచ్చింపవలెనా వలదా అని వర్తకుడు అడిగినపుడు, అతనికి అర్థమగు తెలుగులో, ఉన్నది ఉన్నట్లు సమాధానము చెప్పగల విద్యార్థిని తయారు చేయుట మాత్రము యంత్రమునకు అప్పగింపదగిన పని కాదు. ఆ పనిలో భాషాశాఖకు సగము పాలు కలదు.