కందకాల తవ్వకంలో కార్మికుల భద్రత – భాగస్వామ్యాల అనుభవం

తాగునీటి గొట్టాలు, భూగర్భ మురుగు కాలువలు, విద్యుత్ తీగలు, ఆప్టికల్ ఫైబర్ కేబుళ్లు – పట్టణాలు విస్తరించే కొద్దీ నేల కింద జరిగే పని కూడా పెరుగుతున్నది. ఈ పనులలో అధికభాగం కందకం తవ్వడంతోనే ఆరంభమవుతుంది. మట్టిపెళ్లలు విరిగిపడి కూలీలు మృతి చెందారన్న వార్తలు ఏటా వెలువడుతూనే ఉన్నాయి. అవి చాలావరకు పత్రికల లోపలి పుటలలో నాలుగు వాక్యాలతో ముగిసిపోతాయి. నిర్మాణరంగంలో సంభవించే ప్రమాదాలలో ముందుగా ఊహించడానికి, నివారించడానికి వీలైన వాటిలో ఇది ఒకటి కావడం గమనార్హం.

ఒక ఘనమీటరు మట్టి బరువు దాదాపు ఒకటిన్నర నుండి రెండు టన్నుల వరకు ఉంటుంది. అంటే ఒక చిన్న కారు బరువుకు మించినది. నిలువుగా కోసిన మట్టిగోడ కూలడానికి కొన్ని సెకన్లు చాలు. లోపల ఉన్న మనిషికి పక్కకు తప్పుకోవడానికి చోటు ఉండదు. తల పైకి కనిపిస్తున్నా, ఛాతీ వరకు మట్టి కప్పివేస్తే ఊపిరి తీసుకోవడం సాధ్యం కాదు. తోటివారు ఆత్రుతతో లోపలికి దూకడం వల్ల రెండోసారి గోడ కూలి, కాపాడబోయినవారు కూడా ప్రాణాలు కోల్పోయే ప్రమాదం ఉన్నది. జేసీబీతో మట్టి తొలగించబోతే ఆ యంత్రం బరువు, దాని తొట్టె కూడా చిక్కుకున్నవారికి ముప్పుగా మారవచ్చు. అందువల్ల ఈ విషయంలో రక్షణ చర్య అన్నది ప్రమాదానికి ముందు తీసుకొనవలసినదే తప్ప, తరువాత తీసుకొనేది కాదు.

ఏమి చేయాలన్న దానిపై ప్రపంచంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు. గోడలను వాలుగా లేదా మెట్లుగా కోయాలి, లేదా చెక్కలతోనో ఉక్కు పలకలతోనో ఊత ఇవ్వాలి, లేదా ట్రెంచ్ బాక్స్ అనే ఉక్కు కవచాన్ని కందకంలో దించి దాని మధ్యనే పని చేయించాలి. అమెరికా నిబంధనల ప్రకారం, గట్టి రాతినేలలో తప్ప 5 అడుగులు, అంటే సుమారు ఒకటిన్నర మీటరు, అంతకు మించి లోతు గల కందకాలకు ఈ రక్షణ తప్పనిసరి. మన దేశంలో కేంద్ర ప్రజాపనుల శాఖ కాంట్రాక్టు షరతులలోని భద్రతా నియమావళి కూడా ఒకటిన్నర మీటరు అనే చెబుతున్నది. అంతేకాదు, 1.2 మీటర్ల లోతు దాటిన కందకంలో ప్రతి 30 మీటర్లకు ఒక నిచ్చెన ఉండాలనీ, అది నేలమట్టానికి 90 సెంటీమీటర్లు పైకి ఉండాలనీ, తవ్విన మట్టిని అంచు నుండి ఒకటిన్నర మీటరు లేదా కందకం లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలనీ నిర్దేశిస్తున్నది. మట్టి పోయవలసిన దూరం విషయంలో అమెరికా నిబంధన 2 అడుగులతో సరిపెట్టుకున్నది. కాగితంపై చూస్తే మన షరతే కఠినమైనది. తవ్వకాల భద్రతపై భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 3764 పేరిట ప్రత్యేక నియమావళిని కూడా ప్రచురించింది. కనుక లోపం నిబంధనలలో లేదు.

నిబంధన ఉన్నంత మాత్రాన అది కందకం అడుగుకు చేరదన్న విషయాన్ని గుర్తించి, అమెరికా కార్మిక శాఖకు చెందిన ఆక్యుపేషనల్ సేఫ్టీ అండ్ హెల్త్ అడ్మినిస్ట్రేషన్, సంక్షిప్తంగా ఓషా, రెండు దశాబ్దాలకు పైగా భాగస్వామ్య విధానాన్ని అనుసరించింది. 1998లో వ్యూహాత్మక భాగస్వామ్యాల కార్యక్రమాన్ని, 2002లో అలయన్స్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. మొదటిది లక్ష్యాలు, కొలమానాలతో కూడిన ఒప్పందం. రెండవది శిక్షణ, ప్రచారం, సమాచార మార్పిడికి పరిమితమైనది. అలయన్స్‌లో చేరినంత మాత్రాన తనిఖీల నుండి మినహాయింపు లభించదు. నీటి, మురుగు, గ్యాస్ గొట్టాల గుత్తేదారుల సంఘమైన నేషనల్ యుటిలిటీ కాంట్రాక్టర్స్ అసోసియేషన్, ఊత పరికరాల తయారీదారులు, సరఫరాదారులతో కూడిన ఉత్తర అమెరికా ఎక్స్‌కవేషన్ షోరింగ్ అసోసియేషన్ ఈ కృషిలో పాలుపంచుకున్నాయి. ఏటా జూన్ నెలలో పని ఆపి, కార్మికులను ఒకచోట చేర్చి, కందకాల ప్రమాదాలపై వివరించే కార్యక్రమం ఈ సహకారంతో రూపుదిద్దుకున్నదే. పరికరాలు అద్దెకిచ్చే సంస్థలను కలుపుకోవడం ఇందులో తెలివైన అంశం. ట్రెంచ్ బాక్స్ దొరకలేదని, ఎలా దించాలో తెలియదని చెప్పే సాకుకు అక్కడితో తావు లేకుండా పోయింది.

అయితే ఈ కథనంలో ఇబ్బందికరమైన అధ్యాయం కూడా ఉన్నది. భాగస్వామ్యాలు నడుస్తున్న కాలంలోనే 2022 మొదటి ఆరు నెలలలో అమెరికాలో 22 మంది కార్మికులు కందకాలలో మరణించారు. అంతకుముందు 2021 సంవత్సరం మొత్తంలో ఈ సంఖ్య 15. ఆ ఏడాది జూన్ 28న టెక్సాస్‌లోని జారెల్ వద్ద 20 అడుగులకు మించిన లోతులో పనిచేస్తున్న ఇద్దరు కార్మికులపై గోడ కూలింది. వారిని కాపాడగలిగిన ఉక్కు కవచాలు అదే గోతి పక్కన, ఉపయోగించకుండా, పడి ఉన్నాయని ఓషా వెల్లడించింది. పరికరం కొన్నారు లేదా అద్దెకు తెచ్చారు, స్థలానికి చేర్చారు. లోపలికి మాత్రం దించలేదు. ఎంత ప్రచారం చేసినా పూడని అంతరం ఇక్కడే ఉన్నది. కవచాన్ని దించడానికి పట్టే కొద్దిపాటి సమయానికి ఎవరు లెక్క చెప్పాలి, దించకపోతే ఎవరు జవాబు చెప్పాలి అన్నదే అసలు ప్రశ్న.

దీనిపై 2022 జూలైలో ఓషా దేశవ్యాప్తంగా వెయ్యికి పైగా కందకాల తనిఖీలు చేపట్టనున్నట్లు, తీవ్రమైన ఉల్లంఘనలలో క్రిమినల్ చర్యలకు కూడా సిఫారసు చేయనున్నట్లు ప్రకటించింది. ఆ సంవత్సరాంతానికి మరణాల సంఖ్య 39కి చేరింది. 2023లో అది 15కు తగ్గింది. ఈ తగ్గుదలలో తనిఖీల వాటా ఎంత, శిక్షణ వాటా ఎంత అని విడదీసి చెప్పడం కష్టం. సంఖ్యలు చిన్నవి కనుక ఒక్క ఏడాది మార్పుపై ఎక్కువ ఆధారపడరాదు కూడా. అయినప్పటికీ, సహకారం ఒక్కటే ఉన్నప్పుడు మరణాలు పెరగగలవని, సహకారానికి తనిఖీ తోడైన తరువాత తగ్గాయని చెప్పడానికి ఈ అంకెలు సరిపోతాయి.

అమెరికా విధానంలో మరొక ఏర్పాటు ప్రత్యేకంగా పేర్కొనదగినది. చిన్న గుత్తేదారులకు ఉచితంగా, గోప్యంగా సలహా ఇచ్చే విభాగాన్ని జరిమానా విధించే విభాగం నుండి వేరుగా ఉంచారు. సలహాకు వచ్చిన అధికారి కేసు రాయరు. తీవ్రమైన ప్రమాదం కనిపిస్తే దానిని సరిదిద్దే బాధ్యత మాత్రం యజమాని అంగీకరించాలి. మన దేశంలో 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల నియమావళి, 2020 భిన్నమైన మార్గాన్ని ఎంచుకున్నది. 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టంతో సహా 13 చట్టాలను విలీనం చేసిన ఈ నియమావళిలో తనిఖీ అధికారి హోదా ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్‌గా మారింది. సలహా, తనిఖీ రెండూ ఒకే అధికారి చేతిలో ఉంటాయి. తప్పు ఒప్పుకుని సలహా అడగడానికి గుత్తేదారు ఎంతవరకు ముందుకు వస్తాడన్నది ఆచరణలో తేలవలసి ఉన్నది. ప్రాణాపాయం ఉన్నదని భావించిన ఉద్యోగి ఆ విషయాన్ని యజమానికి, అదే సమయంలో ఆ అధికారికి కూడా తెలియజేసే హక్కును నియమావళి కల్పించింది. కందకం పనికి ఇది నేరుగా వర్తించగల హక్కు.

చట్టం చేయి అందని చోటు కూడా ఒకటి ఉన్నది. పది మందికి తక్కువ కార్మికులతో జరిగే నిర్మాణ పనులు, 50 లక్షల రూపాయలకు మించని సొంత ఇంటి నిర్మాణాలు నియమావళిలోని నిర్మాణ పని నిర్వచనం కిందకు రావు. సెప్టిక్ ట్యాంకు గొయ్యి, ఇంటి పునాది, వీధి చివర కుళాయి గొట్టం మరమ్మతు వంటి పనులను తరచుగా నలుగురైదుగురు కూలీల ముఠాయే చేస్తుంది. మున్సిపాలిటీలు అనుమతులు, రోడ్డు తవ్వకపు అనుమతులు ఇచ్చే వేళ ఊత, నిచ్చెన, మట్టి పోసే దూరం గురించి ఒక షరతు చేర్చడానికి చట్ట సవరణ అవసరం లేదు. భాగస్వామ్యంలో స్థానిక సంస్థలకు చోటు ఉండవలసిన కారణం ఇదే.

పెద్ద పనులలో చిక్కు వేరు. అది అంచనా పట్టికలో మొదలవుతుంది. కేంద్ర ప్రజాపనుల శాఖ ధరల పట్టికలో కందకాలకు చెక్కల ఊత ఇవ్వడానికి ప్రత్యేక అంశాలు ఉన్నాయి. అంచనా తయారుచేసే ఇంజినీరు ఆ అంశాన్ని చేర్చితే దానికి బిల్లు వస్తుంది, కొలత పుస్తకంలో నమోదు అవుతుంది, చేయకపోతే చెల్లింపు ఆగుతుంది. చేర్చకపోతే ఊత అన్నది గుత్తేదారు సొంత ఖర్చుగా మారుతుంది. తక్కువ ధరకు పని దక్కించుకున్నవాడు, దానిని ఉప గుత్తేదారుకు అప్పగించినవాడు మొదట తగ్గించుకొనేది ఆ ఖర్చునే. ఈ కారణంగా భద్రతపై ఉపన్యాసం మేస్త్రీకి ఇవ్వడానికి ముందు అంచనాలు వేసే కార్యాలయానికి ఇవ్వడం సముచితం. పని ఇచ్చే శాఖ, గుత్తేదారుల సంఘం, పరికరాల సరఫరాదారు, కార్మిక శాఖ ఒకే బల్ల వద్ద కూర్చున్నప్పుడే ఈ విషయం పరిష్కారం కాగలదు.

నేల స్వభావాన్ని చదవగలిగిన అనుభవం తెలుగు ప్రాంతాలలో లేకపోలేదు. పాలమూరు కూలీలు దశాబ్దాలుగా దేశంలోని అనేక ఆనకట్టల, కాలువల మట్టిపనులకు తరలివెళ్లారు. నల్లరేగడి ఎండలో బీటలు వారుతుందని, వానకు ఉబ్బి జారుతుందని వారికి ఎవరూ చెప్పనవసరం లేదు. అమెరికా నిబంధన ప్రకారం ప్రతిరోజూ పని ప్రారంభానికి ముందు, అలాగే వాన కురిసిన తరువాత, అర్హత గల వ్యక్తి కందకాన్ని పరిశీలించాలి. ప్రమాదం కనిపిస్తే పని ఆపించే అధికారం ఆ వ్యక్తికి ఉంటుంది. ఇక్కడ అనుభవం గల మేస్త్రీలకు కొద్దిపాటి శిక్షణతో ఆ పరిశీలన అప్పగించవచ్చు. అయితే పని ఆపించే అధికారాన్ని, ఆపిన గంటలకు కూలీ కోత ఉండదన్న హామీని లిఖితపూర్వకంగా ఇవ్వవలసి ఉంటుంది.

భాష మరొక విషయం. తెలుగు రాష్ట్రాల నిర్మాణ స్థలాలలో ఒడిశా, బీహార్, జార్ఖండ్ తదితర రాష్ట్రాల కార్మికులు కూడా పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు. ఓషా తన కందకాల కరపత్రాలను ఆంగ్లంతో పాటు స్పానిష్‌లోనూ ముద్రించింది. ఇక్కడి హెచ్చరిక బోర్డులు తెలుగుతో పాటు హిందీ, ఒడియా భాషలలో ఉండాలి. చదువురానివారి కోసం ఒక బొమ్మ కూడా అవసరం: నిచ్చెన, ఊత చెక్కలు, అంచుకు దూరంగా పోసిన మట్టి.