సంగీతమునకు ఒక యెకరము

హైదరాబాదునకు పడమట, గండిపేట చెరువునకు చేరువనున్న కోకాపేట కొలదికాలము క్రిందటివరకు పల్లెటూరు. 2023 ఆగస్టు 3వ తేదీన మహానగరాభివృద్ధి సంస్థవారు అచ్చటి భూములను వేలము వేయగా ఒక యెకరము 100 కోట్ల 75 లక్షల రూపాయలకు పోయినది. నలువదియైదెకరములకు వచ్చిన మొత్తము 3,300 కోట్లకు పైబడెను. ఈ యంకెలను జూచి విస్తుపోయినవారు పెక్కుమంది. మేమడుగునది వేరొక ప్రశ్న. ఆ నేలపై లేచుచున్న మేడలలో పెరుగు బిడ్డలకు సంగీతవిద్య యేపాటి దొరకును?

పియానో నేర్చు బాలబాలికలు ఆ ప్రాంతమున తక్కువవారు కారు. లండను ట్రినిటీ కళాశాలవారి పరీక్షలకు గూర్చుండుచున్నారు. యోగ్యతాపత్రములు గోడల నలంకరించుచున్నవి. మంచిదే. కాని పరీక్షలో కృతార్థత వేరు, నిండుసభలో రెండు గంటలు ఒంటరిగా వాయించి శ్రోతలను నిలుపుట వేరు. పైగా ఈ వాద్యమున కొక చిక్కు కలదు. ఫిడేలు వాయించువాడు తన ఫిడేలును చంకబెట్టుకొని యూరూర తిరుగవచ్చును. పెద్దకచేరీలకు దగిన పియానో తొమ్మిదడుగుల పొడవు, సుమారు అయిదువందల కిలోల బరువు. ఇన్నూరింటికి మించిన తీగెలు. గాలిలో చెమ్మ హెచ్చినను తగ్గినను శ్రుతి మారిపోవును. కాబట్టి వాదకుడు ఏ యూరి కేగిన నా యూరి వాద్యముమీదనే వ్రేళ్లు వేయవలయును. ఊరికి సభాభవనము, వాద్యము, శ్రుతి చేయువాడు లేనిచో ఎంతటి ప్రజ్ఞ గలవాడైనను ఇంటి నాలుగు గోడల నడుమ నిలిచిపోవలసినదే.

పోలండు దేశీయుడు పాదరెవ్‌స్కీ జీవితమును చూడుడు. 1860లో జనించిన యీతడు ఇరువదినాలుగవయేట గాని వియన్నాలో లెషెటిట్‌స్కీ యను మహాగురువునొద్దకు పోజాలడయ్యెను. ఆ ప్రయాణమునకైన ద్రవ్యము హెలీనా మొజెస్కా యను నటీమణి క్రాకవు నగరమున నతనితో గూడి సభ జరిపి సమకూర్చి యిచ్చినది. 1888లో పారిసున, 1891లో న్యూయార్కున నతని పేరు మ్రోగెను. వాద్యముపై నార్జించిన ధనమును, కీర్తిని స్వదేశవిముక్తికి ధారవోసి, 1919లో స్వతంత్ర పోలండునకు ప్రధానమంత్రి యయ్యెను. నటి యిచ్చిన ఆ కొద్దిపాటి చేయూత లేకున్న నీ కథ యెచ్చట నాగిపోయెడిదో!

అదే 1919వ సంవత్సరమున మన విజయనగరమున మహారాజావారు సంగీతకళాశాలను నెలకొల్పిరి. అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు; ఫిడేలు ఆచార్యులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు, అప్పటికి ఇరువదియైదేండ్ల యువకులు. చూపు మందమగుటచే బడిచదువు సాగక, అన్నగారివద్ద వాద్యము నేర్చినవారు. విద్యార్థిగా చేరదలచి వచ్చి ఆచార్యులుగా నియమితులైరని చెప్పుదురు. ఫిడేలు ఐరోపానుండి వచ్చినది. బాలుస్వామి దీక్షితులు మొదలైనవారు దానిని మన సంగీతమునకు వశపఱచిరి. మెట్లు లేని వాద్యమగుటచే గమకము దానిపై సుఖముగ పలికెను. పియానో కిది చేతగాదు, దాని మార్గము వేరు. అయినను చాలకాలము ఫిడేలు గాయకుని వెంటబోవు ప్రక్కవాద్యము మాత్రమే. నాయుడుగారు పాశ్చాత్యవాదకుల కమాను పనితనమును సయితము శ్రద్ధతో గమనించి, 1938లో వేలూరున ఒంటి ఫిడేలుతో కచేరి చేసి దానిని ప్రధానాసనమున గూర్చుండబెట్టిరి. 1936లో కళాశాలాధ్యక్షులు, 1941లో సంగీత కళానిధి. 1952లో యెహూదీ మెనుహినంతటివాడు వారి వాదనము విని మెచ్చుకొనెను. ఈ ప్రజ్ఞ వారిదే. కాని ఆ ప్రజ్ఞకు నెలనెల జీతము, శిష్యబృందము, తలదాచుకొను నీడ యిచ్చినది కళాశాల. అచ్చటనే తరువాతికాలమున ఘంటసాలయు, సుశీలయు సంగీతము నభ్యసించిరి.

ఎకరము నూరుకోట్లు పలుకుచోట పాటకేల స్థలమని యడుగువారుందురు. విజయనగర ప్రభువులకును భూమి విలువ తెలియును. బడులకు, ఆస్పత్రులకు ముందుగ వ్యయము చేయవలదా యను ప్రశ్నలో న్యాయము కలదు. దానిని మేము త్రోసిపుచ్చము. కాని నలువదియైదెకరములలో నొక్కటి తీసినంతమాత్రమున బడి యేదియు మూతబడదు. ఆ యొక్క యెకరమున వేయిమంది పట్టు సభాభవనము, మంచి పియానో యొకటి, దానిప్రక్కనే వీణ, ఫిడేలు, మృదంగము నేర్పు శాల, జీతముపై నుండు ఆచార్యులు, రుసుము చెల్లింపలేని బిడ్డలకు ఉచితప్రవేశము — ఇంతకుమించి మేము కోరుట లేదు. మేడలలోని బిడ్డలతోపాటు ఆ మేడలను కట్టు కూలీల బిడ్డలును అందు ప్రవేశింపవలయును. భూములమ్మి లాభించిన పాతకాపులును, మేడలు కట్టు వ్యాపారులును తలాకొంత చందా వేసికొనవచ్చును. సంస్థవారు ఇకముందు కోకాపేటలో వేలము వేయునప్పుడు, వేలపు పట్టిక అచ్చగుటకు ముందే ఈ యెకరమును విడదీసి ప్రకటింపవలయును.