మావి మాత్రలు వద్దు, తోడు మనిషి కావాలి

డాలస్‌లో మా అమ్మాయి పురిటికి వెళ్లినప్పుడు దాని స్నేహితురాలు ఓ సలహా చెప్పింది. మావిని (ప్లాసెంటాను) ఆవిరి మీద ఉడికించి, ఎండబెట్టి, పొడిచేసి క్యాప్సూళ్లలో నింపి ఇస్తారట. మింగితే పాలు పడతాయట, దిగులు పోతుందట. నేను ఒప్పుకోలేదు. ఆ గుణాలకు సరైన రుజువు లేదు. ప్రమాదం మాత్రం కళ్లముందే ఉంది. ఒరెగాన్‌లో 2016లో ఓ పసిబిడ్డకు గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ ఇన్‌ఫెక్షన్ తగ్గి మళ్లీ తిరగబెట్టింది. తల్లి మింగుతున్న మావి క్యాప్సూళ్లలో ఆ బ్యాక్టీరియానే దొరికిందని 2017లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ప్రకటించింది.

కాన్పులో తోడుండటానికి డబ్బిచ్చి పెట్టుకునే డౌలా సంగతి వేరు. నొప్పులు వచ్చినంతసేపూ ఆవిడ మా అమ్మాయి నడుము రుద్దింది, పక్కకి ఒత్తిగిల్లేలా పట్టుకుంది, గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగించింది. మందుల జోలికి పోలేదు, డాక్టరు పనిలో వేలు పెట్టలేదు. ఇలాంటి ఎడతెగని తోడు ఉంటే సిజేరియన్లు తగ్గొచ్చని 26 అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి కోక్రేన్ సమీక్ష చెబుతోంది.

మన ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు గదిలోకి ఒక ఆడతోడును అనుమతించాలని కేంద్రం 2016లోనే చెప్పింది. అయినా తల్లినో అక్కనో గుమ్మం బయటే ఆపేసే చోట్లు ఇంకా ఉన్నాయి. డౌలాకు డబ్బు పెట్టలేని ఇంట్లోనూ ఓ పెద్దమ్మో పిన్నో ఉంటుంది. మంచం పక్కన అడ్డుతెర కట్టి, ఆమెకో కుర్చీ వేస్తే చాలు. దానికి కొత్త పథకమేమీ అక్కర్లేదు, ఉన్న ఆదేశాన్ని సూపరింటెండెంట్లు పాటిస్తే సరిపోతుంది.